నూట పన్నెండు నంబరు పెట్రోలు

"ఒక్క నంబరు, బావా. ఒక్కటంటే ఒక్కటి. నిన్న ఈ బండిలో ఏ నంబరు పెట్రోలు పోశావు?"

అడిగినవాడు డాక్టరమ్మ దగ్గర కొత్తగా చేరిన డ్రైవరు. అడిగింది సొంత అక్క మొగుణ్ణి. షెడ్డు నడుమ డాక్టరమ్మ నల్ల కారు బానెట్టు తెరుచుకుని నిలబడి ఉంది. పొద్దుటి నుంచీ చిన్న ఎత్తు ఎక్కితే చాలు, ఇంజను లోపల ఎవరో గరిటె పెట్టి గిన్నె వాయిస్తున్నట్టు ఒకటే టకటక. గోడ గడియారం మూడూ ఇరవై చూపిస్తోంది. ఐదింటికి ఆ బండి ఆస్పత్రి మెట్ల ముందు ఉండాలి. డ్రైవరుకి పెట్టిన మూడు నెలల గడువు ఇవాళ్టితో సరి. ఉంచుకునేదీ పంపించేదీ సాయంత్రం బండిలో కూర్చున్నాక చెబుతానంది డాక్టరమ్మ.

"పెద్దాయనా, తొందరగా చెప్పండి," అన్నాడు మేస్త్రి, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ. "ఈ కారు తాగాల్సింది తొంభై ఎనిమిది. దానికన్నా కాస్త తక్కువది పడితే పైన మంచిది పోసి మెల్లగా నడుపుకోవచ్చు, పది నిమిషాల పని. ఇంకేదన్నా పడితే మాత్రం ట్యాంకు మొత్తం ఖాళీ చెయ్యాలి, గంటన్నర. ఏం పడిందో తెలిస్తేగా నేను చెయ్యి పెట్టేది!"

బావ పాత టైరు మీద సర్దుకుని కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి, కళ్ళకద్దుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. షట్టరు పక్కన టీ కాచే ఆవిడ ఆయన్ని చూసి స్టవ్వు మంట తగ్గించింది. ఇది ఇప్పట్లో తేలే వ్యవహారం కాదని ఆవిడకి అర్థమైపోయింది.

"నంబరు చెబుతాను నాయనా, ఎందుకు చెప్పనూ! ఆ పైవాడు నాకు నోరిచ్చింది దేనికి? కాని మేస్త్రీ, ఉత్త నంబరు చెబితే నీకు ఎక్కదు. నంబరు వెనకాల మనిషి ఉంటాడు. నేను నగల కొట్టు షావుకారు దగ్గర డ్రైవరుగా చేసిన రోజులు. ఆయనకి ఇలాంటిదే, దీనికన్నా జానెడు పొడుగైన కారు ఉండేది. ఒకనాడు బంకుకి వెళ్ళాం. తొంభై ఎనిమిది పొయ్యమన్నాను. వాడు పోస్తున్నాడు. నేను ఊరికే మూత మీద చెయ్యి వేసి నిలబడి స్వామిని తలుచుకుంటున్నాను. పైపులోంచి పెట్రోలు పడే చప్పుడు విన్నాను, అంతే. ఒరేయ్ ఆపు, ఇది తొంభై ఐదు అన్నాను. వాడి మొహం పాలిపోయింది. గొట్టం తప్పు పెట్టాడు! క్షమించండి బాబుగారూ అన్నాడు. పోనీలే నాయనా, మనుషులం కదా, అన్నాను. అదీ సంగతి."

"అయితే నిన్న పోసింది తొంభై ఐదా?" డ్రైవరు ఆశగా ముందుకు వంగాడు.

"నేనెక్కడన్నానురా! అది షావుకారు కారు. ఇది నీ కారు. రెంటికీ పదహారేళ్ళు తేడా. మధ్యలో దూరకు, బామ్మర్దీ, వరస తప్పితే మళ్ళీ మొదట్నుంచి చెప్పాల్సొస్తుంది."

ఆ బెదిరింపుకి షెడ్డు షెడ్డంతా నోరు మూసుకుంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? బంకు యజమాని ఈ మాట విన్నాడు. నమ్మలేదు పాపం, ఆయన తప్పేం లేదు, నన్ను అప్పటికింకా చూడలేదుగా. నా కళ్ళకి గంతలు కట్టించాడు. ఏడు గొట్టాలు వరసగా తెప్పించాడు. ఒక్కొక్క దాంట్లోంచి ఒక్కొక్క చుక్క. ఇంజనులో కాదు, చెంచాలో! స్టీలు చెంచాలో ఒక్క చుక్క, టప్. తొంభై ఒకటి అన్నాను. టప్. తొంభై ఎనిమిది. టప్. ఇది తొంభై ఐదే గాని, మొన్నటి వానకి నీళ్ళు దిగాయి, ట్యాంకు బాగుచేయించుకో అన్నాను. ఏడోది టప్ అంది. ఇది పెట్రోలు కాదు బాబూ, ఇది నీ కన్నీటి చుక్క అన్నాను. చూస్తే ఆయన ఏడుస్తున్నాడు. ఇన్నాళ్ళూ బంకు నడుపుతూ పెట్రోలంటే ఏమిటో తెలియలేదే అని!"

"అయ్యో పాపం," అంది టీ ఆవిడ.

"నువ్వు ఎగదొయ్యకమ్మా, నీకు దణ్ణం పెడతాను!" అన్నాడు మేస్త్రి. తర్వాత బండి పక్కకి వెళ్ళి పెట్రోలు మూత తెరిచి, అక్కడే ఆగిపోయాడు. "ఇదిగో, ఇక్కడ కంపెనీవాడు నంబరు రాసిన చీటీ ఉంటుంది. ఆ చీటీ మీద దేవుడి పటం ఎవరు అంటించారు?"

"నేనే!" బావ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "పోసిన ప్రతిసారీ బండి కంపెనీవాణ్ణి తలుచుకోవాలా, పైవాణ్ణి తలుచుకోవాలా? నువ్వే చెప్పు."

"కింద ఏం రాసుందో చూశారా మరి, అంటించే ముందు?"

"చూడ్డమెందుకు? నేనున్నానుగా."

మేస్త్రి మూత చాలా నెమ్మదిగా వేశాడు. గట్టిగా వెయ్యాలని చేతికి ఉన్నట్టుంది గాని లోపల దేవుడున్నాడు. "పెద్దాయనా, ఆక్టేన్ నంబరంటే మీరేమనుకుంటున్నారో నాకు తెలీదు. అది బలం కాదు, ఓర్పు. ఇంజను పెట్రోలుని నొక్కి పెడుతుంది. నిప్పురవ్వ పడేదాకా అది ఓర్చుకుని ఉండాలి. ఓర్పు చాలకపోతే ముందే భగ్గుమంటుంది. ఆ టకటక అదే. ఎక్కువ నంబరు పోసినంత మాత్రాన బండికి రెక్కలు రావు."

"రెక్కలు రావా!" బావ టైరు మీంచి సగం లేచాడు. జాలిగా చూశాడు. "రెక్కలు రావట, చెల్లెమ్మా. విన్నావా? మేస్త్రీ, నీ చేతిలో విద్య ఉంది, కాదనను. కాని నువ్వు చూసింది ఎంత? తొంభై ఎనిమిది దాకా చూశావు. నేను నూట నాలుగు పోసినవాణ్ణి."

డ్రైవరు గడియారం చూశాడు. మూడూ ముప్పై ఎనిమిది. "నిన్న పోసింది నూట నాలుగా బావా?"

"కాదురా! ఓపిక పట్టు. ఆ బంకు సంగతి కార్లు చేసే కంపెనీ దాకా పోయింది. ముగ్గురు ఇంజనీర్లు విమానంలో దిగారు, బీరువా అంత మిషను మోసుకుని. పెట్రోలు నంబరు తేల్చే మిషను. అందులో ఒక సీసా పోశారు. తొంభై ఎనిమిది అంది మిషను. నేను విన్నాను. తొంభై ఏడూ ముప్పావు అన్నాను. మళ్ళీ పోశారు. తొంభై ఎనిమిదే అంది. నేను మిషను మీద చెయ్యి వేసి, అమ్మా తల్లీ, దేవుడి ఎదుట అబద్ధం ఆడకు అన్నాను. స్వామి సాక్షి, ముల్లు వణికింది! వణికి వణికి వచ్చి తొంభై ఏడూ ముప్పావు దగ్గర ఆగింది. పెద్ద ఇంజనీరు టోపీ తీసి నా చేతిలో పెట్టాడు."

"ఆ టోపీ ఏదీ?" అంది టీ ఆవిడ.

"తిరిగి ఇచ్చేశానమ్మా. ఎండన పడి పోతాడు కదా పాపం. అప్పుడు వాళ్ళేమన్నారో తెలుసా? మా దగ్గర కొత్త కారు ఒకటుంది, దానికి ఏ నంబరు పొయ్యాలో మాకు తేలడం లేదు, మీరే చెప్పాలి అన్నారు. బానెట్టు మీద చెవి ఆనించాను. నూట నాలుగు అన్నాను. పోశారు. తాళం తిప్పాను. చప్పుడే లేదు. ఆగిపోయిందేమో అనుకుని దిగబోయాను. కిందకి చూస్తే అప్పటికి రెండు ఊళ్ళు దాటాం! రోడ్డు పక్క మైలురాళ్ళు కలిసిపోయి తెల్లగోడలా కనిపిస్తున్నాయి. హారను కొట్టాను, ఆ మోత మమ్మల్ని అందుకోలేక వెనకాల ఎక్కడో అరుచుకుంటూ వస్తోంది. ఎదురుగా వాన. వైపరు వేశాను. వాన మా అద్దం మీద పడదామని బయల్దేరేలోపు మేము అవతల ఎండలో ఉన్నాం. ఇంటికొచ్చి బండి ఆపి, కాళ్ళు కడుక్కుని, దీపం పెట్టి, భోంచేసి, చెయ్యి తుడుచుకుంటున్నాను. అప్పుడొచ్చింది మా వెనకాల లేచిన దుమ్ము!"

"బావా." డ్రైవరు ఆయన ముందు నేల మీద కూర్చున్నాడు. "నాకిద్దరు పిల్లలు. సరుకుల వ్యాను మీద ఆరేళ్ళు నడుం విరగ్గొట్టుకున్నాక దొరికిన పని ఇది. నిన్న చిన్నదాన్ని బడి నుంచి తీసుకురావాలంటే, నువ్వేగా అన్నావు, పెద్ద బండికి పెట్రోలు ఎంచడం అందరి వల్లా కాదు, తాళం ఇటివ్వు అని. ఇచ్చాను. ఇప్పుడు నిన్ను అడిగేది ఒక్క అంకె. నీ కాళ్ళు పట్టుకోనా?"

బావ చలించాడు. నిజంగానే చలించాడు. కళ్ళు చెమర్చాయి. బామ్మర్ది భుజం మీద చెయ్యి వేశాడు.

"పిచ్చివాడా. నీ పని పోనిస్తానా నేను? మీ అక్క నా మొహం చూస్తుందా? అందుకేగా నీ బండిలో ఎవ్వరూ పోయనిది పోశాను. నూట పన్నెండు."

మేస్త్రి చేతిలో గుడ్డ కింద పడింది.

"నూట పన్నెండా?"

"నూట పన్నెండు! ఒక్కసారే ఆ నంబరు చూశాను నా జన్మలో, ఆ కంపెనీవాళ్ళ కారుకే, రెండో వారం. ఎలా పోయిందనుకున్నావు? రోడ్డు చాల్లేదు. ఒక వంతెన ఎక్కాం, దిగడం మర్చిపోయింది బండి. అలా పైకి, పైకి. మబ్బులు పక్కకి తప్పుకుంటున్నాయి. నేను స్టీరింగు వదిలేసి రెండు చేతులూ జోడించాను. స్వామీ, నువ్వే నడుపు అన్నాను. అక్కడ చూద్దును గదా, ఎదురుగా సూర్యుడి రథం! ఏడు గుర్రాలూ నురగలు కక్కుతున్నాయి. సారథి నన్ను చూసి కళ్ళేలు బిగించాడు. ఏం పోశావయ్యా అన్నాడు. నూట పన్నెండు అన్నాను. మా గుర్రాలకీ కాస్త పొయ్యకూడదూ అన్నాడు. అయ్యా, గుర్రాలకి పనిచెయ్యదు, దాణా మార్చు అన్నాను. ఆ పూట పొద్దు పావుగంట ఆలస్యంగా కుంకింది, మాటల్లో పడి. ఆ రోజు జనం తమ గడియారాలు చెడ్డాయనుకున్నారు!"

"ఇవాళ చెడలేదు," అన్నాడు డ్రైవరు. "మూడూ యాభై."

మేస్త్రి ఏదో అనబోయాడు. టీ ఆవిడ చెయ్యెత్తి ఆపింది. పదకొండేళ్ళుగా ఆ షట్టరు పక్కన కూర్చుని మాటకారుల్ని చూస్తున్న మనిషి. అడ్డుకుంటే ఇలాంటివాళ్ళు పెరుగుతారని ఆవిడకి తెలుసు. గ్లాసులో టీ పోసి తెచ్చి, బావ చేతికిచ్చి, ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది.

"అన్నయ్యా, అంత గొప్ప పెట్రోలు ఏ బంకులో దొరికింది?"

"బంకులోనా!" బావ నవ్వాడు. అంత తృప్తిగా ఆయన ఆ రోజంతా నవ్వలేదు. "బంకువాడి తరమా తల్లీ! అది దొరికేది కాదు, చేసేది. నేనే చేశాను."

షెడ్డులో గాలి కొట్టే మిషను ఒక్కటే గురకపెడుతోంది.

"ఎలా చేశారు?" అంది ఆవిడ.

"ఇది ఎవ్వరికీ చెప్పని విద్య. నువ్వు అడిగావు గనక చెబుతున్నాను. పెట్రోలు మూత బిగించి, ఒకేచోట, కదపకుండా ఉంచాలి. మనిషికి వయసుతో నిదానం వస్తుందా లేదా? దానికీ అంతే. నెలకి ఒక్క నంబరు చొప్పున పెరుగుతుంది. ఇందాక మేస్త్రి తనే అన్నాడుగా, ఆ నంబరంటే ఓర్పు అని. చీకట్లో అన్నేసి నెలలు కూర్చున్నదానికి ఎంత ఓర్పు వస్తుందో ఆలోచించు!"

మేస్త్రి మెల్లగా వచ్చి బావ ముందు గొంతుక్కూర్చున్నాడు. తల నొప్పెట్టిన పిల్లాణ్ణి వైద్యుడు అడిగినంత మెత్తగా అడిగాడు.

"పెద్దాయనా. కొన్ననాడు దాని నంబరు ఎంత?"

"తొంభై ఒకటి."

"కొని ఎన్నాళ్ళయింది?"

"ఇరవై ఒక్క నెలలు. కూడుకో నాయనా, నూట పన్నెండు వస్తుందా రాదా?"

"వస్తుంది," అన్నాడు మేస్త్రి. "ఇంత తిన్నని కూడిక నేను ఈ షెడ్డులో ఎప్పుడూ వినలేదు."

డ్రైవరు లేచి నిలబడ్డాడు. ఏదో కళ్ళ ముందు కనిపిస్తున్నట్టు గోడకేసి చూశాడు.

"ఇరవై ఒక్క నెలలు. అంటే నీ మోటారు సైకిలు అమ్మేసినప్పటిది. బావా, అది నీలం డబ్బా కదూ? మెట్ల కింద, చీపుళ్ళ వెనకాల ఉండేది? ఇల్లంతా కంపు కొడుతోంది, పిల్లలు తిరిగే ఇల్లు, తీసుకెళ్ళి పారబొయ్యండి అని అక్క ఉగాదా సంక్రాంతా చూడకుండా రోజూ నెత్తీ నోరూ బాదుకుంటోందే, ఆ డబ్బానా?"

బావ టీ గ్లాసు పెదాల దాకా తెచ్చి, తాగకుండా దించాడు.

"పారబొయ్యడానికి మనసొప్పలేదురా," అన్నాడు. గొంతు సగానికి సగం చిన్నదైపోయింది. "మీ అక్క నిన్న పొద్దున గట్టిగా పట్టుకుంది. సాయంత్రంలోగా ఆ డబ్బా ఇంట్లో కనిపించకూడదంది. మధ్యాహ్నం నీ తాళం నా చేతికొచ్చింది. ఇది దైవసంకల్పం అనుకున్నాను."

టీ ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని షట్టరు బయటికి వెళ్ళిపోయింది. ఆవిడ భుజాలు అదురుతుండడం లోపలికి కనిపిస్తూనే ఉంది.

"అది పెరగదు పెద్దాయనా," అన్నాడు మేస్త్రి లేస్తూ. "ఉన్న నాలుగు నంబర్లూ ఊడిపోయి, అడుగున జిగురు మిగులుతుంది. మొదటే డబ్బాలోది పోశానని చెప్పుంటే ఈపాటికి ట్యాంకు సగం ఖాళీ అయ్యేది." అప్పటికే ఆయన బండి కిందకి దూరడానికి చక్రాల బల్ల తోసుకుంటున్నాడు. "గంటన్నర. బండి ఐదింటికి రాదు. ఏం చేస్తావో చూసుకో, తమ్ముడూ."

డ్రైవరు జేబులోంచి ఫోను తీశాడు. బావ చటుక్కున చెయ్యి చాచాడు.

"ఇటివ్వు, నేను మాట్లాడతాను. పెద్దవాళ్ళతో ఎలా మాట్లాడాలో నీకు తెలీదు. దారిలో ఒక ఏనుగు అడ్డం వచ్చిందని మొదలుపెట్టి..."

"బావా, కూర్చో."

అక్క పెళ్ళినాటి నుంచీ ఆ బామ్మర్ది ఆయనతో అలా మాట్లాడి ఎరగడు. బావ కూర్చున్నాడు.

అవతల డాక్టరమ్మ ఎత్తింది. చుట్టూ ఇనుప సామాను రొద కావడంతో డ్రైవరు ఫోను స్పీకరు మీద పెట్టాడు.

"అమ్మా, బండి షెడ్డులో ఉంది. నిన్న ట్యాంకులో పాత పెట్రోలు పడింది, ఇంజను కొట్టుకుంటోంది. నడిపితే పాడవుతుందని ఆపేశాను. ఐదింటికి రాలేను. తాళం వేరేవాళ్ళ చేతికిచ్చాను, తప్పు నాది."

డ్రైవరు ఫోనుని మొహానికి దగ్గరగా జరుపుకున్నాడు.

"నడపకుండా ఆపావుగా?"

"ఆపానమ్మా."

"మంచి పని చేశావు. నేను వేరే కారు పిలిపించుకుంటాను. శుభ్రం చేయించి రేపు ఎనిమిదింటికి తీసుకురా. ఇకమీదట పెట్రోలు నువ్వు దగ్గరుండి పోయించు, ఇంకెవరికీ తాళం ఇవ్వకు."

"రేపు..." డ్రైవరు మింగుడుపడనట్టు ఆగాడు. "రేపు కూడా నేనే రావాలామ్మా?"

"మరి నేను తోసుకురానా?"

ఫోను పెట్టేసింది. డ్రైవరు కారు చక్రం పక్కన నేల మీదే కూలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. బావ కాసేపు ఊరుకున్నాడు. ఆయన లెక్కన అది చాలాసేపు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"చూశావా, పైవాడు ఎప్పుడూ..."

"బావా!"

"సరే, సరే."

బండి కింద నుంచి సన్నటి ధారగా పెట్రోలు ప్లాస్టిక్కు డబ్బాలోకి పడుతోంది. రంగు పాలు లేని టీలా ఉంది, వాసన పాత వార్నీషులా ఉంది. బావ టైరు మీంచి లేచి, చెవి ఒకటి అటు వంచి, ఆ చప్పుడు విన్నాడు. అలవాటు కొద్దీ పెదాలు కదిలాయి. ఒక అడుగు వేసి డబ్బా పిడి మీద ప్రేమగా చెయ్యి వేశాడు.

"మేస్త్రీ, ఇది పారబొయ్యకు నాయనా, నాకిచ్చెయ్. ఎలాగూ ఇంత దూరం వచ్చింది. ఇంకో మూడు నెలలు మెట్ల కింద ఉంచితే నూట పదిహేను..."

డ్రైవరు మొహం మీంచి చేతులు తీశాడు. ఫోను మళ్ళీ తీసి, నొక్కి, స్పీకరు మీద పెట్టి, బావ ముందుకి చాచాడు.

"అక్కా," అన్నాడు. "బావ నీతో ఏదో చెప్పాలంటున్నాడు."

"ఏమిటండీ?" అంది ఫోను. "ఆ డబ్బా ఎక్కడ పారబోశారు?"

బావ నోరు తెరిచాడు. మేస్త్రి బండి కింద నుంచి తల బయటపెట్టాడు. టీ ఆవిడ షట్టరు దగ్గర నిలబడిపోయింది. ముగ్గురూ ఎదురుచూశారు. డబ్బా పిడి మీంచి ఆయన చెయ్యి దానంతటదే జారిపోయింది.

"ఇక్కడే," అన్నాడు. "షెడ్డులో."

ఆ ఒక్క మాటతో ఆపేశాడు.